తీపి కల్లు

మదనపల్లె బస్సు ఇంకా రాలేదు. కోలారు బస్సులైతే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, ముళబాగలు, చింతామణి, శ్రీనివాసపురం, తలుపుకు వేలాడే కండక్టర్లు ఊపిరి తీసుకోకుండా ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు, హొసకోటె స్టాపులో రేకుల కింద ఉన్న కాస్త నీడా మనుషులతో నిండిపోయింది, సిమెంటు బల్ల చివర ఎవరో పెద్దమనిషి సుమ నిండు కడుపు చూసి లేచి చోటిచ్చాడు. సుమ అక్కడ కూర్చుంది. కాళ్ళ దగ్గర రెండు సంచులు. పక్కన పుష్పావతి నిలబడే ఉంది, కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలోకి కళ్ళు చికిలించి బస్సుల బోర్డులు చదువుతూ. ఆ మదనపల్లె బస్సులో సుమ వాళ్ళ నాయన వస్తున్నాడు. ఇక్కడ దిగి, కూతుర్ని చూసుకుని, తిరుగు బస్సులో ఆమెను ఊరికి తీసుకుపోతాడు, కాన్పుకు, పుట్టింటికి. తొమ్మిదో నెల పడింది. మారతహళ్ళి నుంచి ఇక్కడిదాకా తోడొస్తానని పుష్పావతి తనంతట తానే అంది, ఎందుకక్కా నీకు శ్రమ అంటే, సుమ్మనె, ఊరికేనే, నాకూ గాలి మారుతుందిలే, అని నవ్వింది. సుమ్మనె రాలేదని ఇద్దరికీ తెలుసు.

నాయన. పోయినేడు అవ్వ పోయినప్పుడు చూసింది ఆయన్ని, అప్పటికే నడుము వంగి ఉంది, ఇంక చెట్లెక్కలేనని అందరితో చెప్పుకుంటున్నాడు. కానీ సుమ తలలో ఉండే నాయనకు వయసు లేదు. ఆ నాయన ఎప్పుడూ ఈత చెట్టు మీదే ఉంటాడు, నడుముకు మోకు చుట్టుకుని, వెనక కత్తి ఊగుతుంటే, ఇంకా తెల్లారని ఆకాశంలో సగం కలిసిపోయి. ఆమెకు ఆరేళ్ళో ఏడేళ్ళో. కింద నిలబడి తలెత్తి చూస్తే నాయన మడమలే కనిపించేవి, పగిలి, గరుకుగా, ఏది చెట్టో ఏది కాలో తెలియకుండా. వాగు పక్కన వనమంతా మంచు. ఎక్కడో ఒక పిట్ట ఒకే కూతను పట్టుకుని వదలకుండా కూసేది. నాయన దిగొచ్చి ముంత వంచి కొబ్బరి చిప్పలో రెండు గుక్కలు పోసేవాడు, పైన తేలే తేనెటీగను కొనవేలితో తీసి పారేసేవాడు, తాగు పాపా, సున్నం పూసిన ముంతది, పులవదు, ఎక్కదు, చలవ, అనేవాడు. ఎంత చల్లగా ఉండేదో. ఎంత తీపిగా. చక్కెర తీపి కాదు, బెల్లం తీపి కాదు, కాస్త పొగ, కాస్త మట్టి, కాస్త చెట్టు, అన్నీ కలిసిన తీపి. తాగాక ఆయన వేలు పట్టుకుని గట్టు మీద నడిచొస్తుంటే ఊర్లో ఒక్కొక్క ఇంట్లోంచీ పొయ్యి పొగ లేచేది, ఆ పొద్దున లోకంలో వాళ్ళిద్దరే ఉన్నట్టుండేది. అమ్మ కూడా లేదు, అన్న కూడా లేడు, బడి లేదు, ఏమీ లేదు, నాయన వేలు, నాలుక మీద ఆ తీపి, అంతే.

ఆ తీపిని తలుచుకోవాలంటే ఇప్పుడామెకు భయం. అది ఒక్కటే వచ్చి పోతే బాగుండు, కానీ దాని కొంగు పట్టుకుని మిగతావన్నీ వస్తాయి. మారతహళ్ళి వస్తుంది. ఓబులేషును కట్టుకుని ఇక్కడికొచ్చిన కొత్తలో ఈ ఊరంతా ఒక చప్పుడుగా తప్ప ఆమెకు అర్థమయ్యేది కాదు. అతను నీళ్ళ ట్యాంకరు తోలడానికి చీకటితో పోయేవాడు. ఆమెకు ఒక పెద్ద అపార్టుమెంటులో ఊడ్చి తుడిచే పని దొరికింది. లిఫ్టులు, మెట్లు, గాజు తలుపులు, రోజంతా ఒక్కరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. శుక్రవారం సాయంత్రం పని దిగాక మాత్రం కింద, కార్లు నిలిపే చోటుకు వెనకాల పంపురూములో నలుగురు ఆడవాళ్ళు చేరేవాళ్ళు. పెద్దది బాలమ్మ. ఆమే బ్రాందీ ప్యాకెట్టును పంటితో కొరికి స్టీలు గ్లాసులో పోసి, పైన కూల్‌డ్రింకు కలిపి చేతికిచ్చేది, ఒళ్ళు నొప్పులకు మే, తాగు, అనేది. పసుపు బల్బు వెలుగు, తడి సిమెంటు వాసన, మోటారు గురగుర, బాలమ్మ మూడో అంతస్తు మేడమ్ నడకను నడిచి చూపిస్తుంటే నలుగురూ గోడకు చేరగిలబడి నవ్వేవాళ్ళు, నోరు మూసుకుని, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా. ఈ ఊర్లో తనను సొంత ఊరి ఆడవాళ్ళలా మే అని పిలిచిన మొదటి మనిషి బాలమ్మ. ఆ నవ్వు ఇప్పటికీ కావాలి సుమకు. తాగుడు చెడ్డదని చెప్పేవాళ్ళంతా ఆ నవ్వు సంగతి ఎందుకు చెప్పరో. చెప్పకపోతే ఎవరు నమ్ముతారు వాళ్ళని.

ఒక లారీ టమోటా పెట్టెలతో వెళ్ళింది, దాని వెనక దుమ్ము, దుమ్ము వెనక బిర్యానీ హండా మూత తీసిన వాసన. కడుపులో బిడ్డ ఒకసారి ఒత్తిగిల్లింది. సుమ అరచెయ్యి పెట్టి సర్దింది, నిద్రపట్టని పిల్లను జోకొట్టినట్టు. ఇంతకు ముందొకటి ఇలాగే కదలడం నేర్చుకుంటుండగానే పోయింది, ఐదో నెలలో. తాగడం వల్లనేనా అని డాక్టరమ్మను అడిగింది. ఆమె కాగితాలన్నీ తిరగేసి, చెప్పలేమమ్మా, అంది. అవుననుంటే ఏడ్చేది, కాదనుంటే ఊపిరి పీల్చుకునేది. చెప్పలేమమ్మా అన్నదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పటినుంచే ఒంటరి తాగుడు మొదలైంది. శుక్రవారం పోయింది, పంపురూము పోయింది, బియ్యం డబ్బాలో ప్యాకెట్లు, పొద్దున లేవగానే ఒకటి, చేతుల వణుకు ఆగడానికి ఇంకొకటి. ఓబులేషు అరిచాడు, ఒకసారి కొట్టాడు, ఒకసారి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు, ఆ తరువాత ఏమీ అనడం మానేశాడు. ఆఖరికి బాలమ్మ కూడా, ఇట్ల తాగేది కాదే ఇది, అని దూరం జరిగింది. మళ్ళీ నెల తప్పినప్పుడు సుమకు సంతోషం కలగలేదు. ఎవరో తలుపు కొడుతుంటే లోపల దాక్కున్నట్టు అనిపించింది.

చూపించుకోవడానికి పోతే గర్భిణుల వార్డులో నర్సమ్మ ఊరికే వదల్లేదు, వాసన పట్టేసింది. మంచమిచ్చారు. చెమటలు, వాంతులు, గోడ మీద చీమలు లేకపోయినా కనిపించడం, పూటపూటకీ మందులు, బిడ్డ గుండె విని పోయే డాక్టర్లు. ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఈ పుష్పావతి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. డాక్టరూ కాదు, నర్సూ కాదు. చేతిలో ఒక కమలాపండు. మంచి చెప్పడానికొచ్చిన మనిషి అనుకుని సుమ గోడవైపు తిరిగింది. పుష్పావతి పండు ఒలుస్తూ తన గురించే మాట్లాడింది, ఊరి నడుమ పాత పేటలో మగ్గాలవాళ్ళ ఇల్లు తమదని, కరెంటు మగ్గాలొచ్చాక పగలూ రాత్రీ ఆగని ఆ చప్పుడులో నిద్ర పట్టక మొగుడి సీసాలోంచి మూతెడు మూతెడు మొదలుపెట్టానని, కొడుకు కడుపులో ఉన్నప్పుడూ తాగానని. “మా శ్రీకాంతుకు ఇరవై దాటినాయి. ఇప్పటికీ బస్సు మీద నంబరు చదవలేడు. నాకంటే ముందు లేచి కాఫీ పెడతాడు, నా కాళ్ళు ఒత్తుతాడు. నంబరు మాత్రం చదవలేడు,” అంది. ఏడుపు లేదు, సంజాయిషీ లేదు, ఊర్లో వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. కమలా తొన ఒకటి సుమ అరచేతిలో పెట్టింది. సుమ ఇటు తిరిగింది.

ఆ తరువాత ప్రతి గురువారం ఆస్పత్రిలో ఒక గదిలో కూర్చునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, తాగినవాళ్ళు, ఇంకేవేవో మాత్రలకు అలవాటు పడ్డవాళ్ళు. పుష్పావతి ఒక్కటే చెప్పేది. గుర్తు రావడం తప్పు కాదు, గుర్తొచ్చినప్పుడు నోరు తెరిచి పక్కనున్న మనిషికి చెప్పండి, అంతే.

“అక్కా,” అంది సుమ.

“ఊ.”

“గుర్తొస్తాండాది.”

పుష్పావతి బోర్డుల మీద నుంచి చూపు తిప్పింది. సంచులు పక్కకు జరిపి, బల్ల అంచున సగం కూర్చుంది. “ఏది? పంపురూమా, ఇంట్లోదా?”

“రెండూ కాదు. కల్లు. మా నాయన తీసే కల్లు.”

“ఎట్లుంటాది చెప్పు. మా పేటలో కల్లు యాడిది? నేనెప్పుడూ తాగలా.”

సుమ చెప్పింది. మంచు, మోకు, కొబ్బరి చిప్ప, తేనెటీగ, నాయన వేలు. చెబుతుంటే గొంతు ఎక్కడో చిన్నపిల్ల గొంతులా మారిపోయింది. పుష్పావతి కళ్ళు మూసుకుని విన్నది, అయిపోయాక తల ఊపింది.

“బాగుండాది,” అంది. “నేనైతే ముంతే ఎత్తేసుండేదాన్ని.”

ఇద్దరూ నవ్వారు. ఎదురుగా నిలబడ్డ ఒకామె తిరిగి చూసింది. నవ్వు ఆగాక పుష్పావతి మెల్లగా అడిగింది. “ఊర్లో ఇట్ల గుర్తొస్తే ఎవరికి చెప్తావు?”

“నీకు ఫోను చేస్తా.”

“చెయ్. నేను ఎత్తలేదనుకో?”

ఊర్లో ఇల్లు సుమ కళ్ళ ముందుకొచ్చింది, వసారాలో బోర్లించిన ముంతలు, మూలన నాయన మోకు, నాయన మానేసినా అన్న దించే కల్లుకు సాయంత్రమైతే వసారా నిండా తాగేవాళ్ళు, వాళ్ళ మాటలు, అన్నం కూడా ఆ వాసనే వేసేది, దుప్పట్లు కూడా. ఆ వాసనలోనే పుట్టింది, ఆ వాసనలోనే పెరిగింది, ఇప్పుడు అందులోనే కనడానికి పోతోంది. ఇంతకాలం అమ్మ ఫోను చేసినప్పుడల్లా బాగుండానని చెప్పింది, ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా అదే చెప్పింది.

“మీ నాయనకు తెలీదు కదా,” అంది పుష్పావతి.

“తెలిస్తే చచ్చిపోతాడక్కా.”

“చచ్చిపోడు.”

అంత నమ్మకంగా ఎలా అంటుందో. అంతలో బస్సు వచ్చింది, ఇద్దరూ లేచి నిలబడ్డారు. దుమ్ము కొట్టుకుని ఎర్రగా ఉంది. దిగేవాళ్ళందరూ దిగాక, మెట్టు మెట్టుకూ కడ్డీ పట్టుకుని, ఒక ముసలాయన దిగాడు. ఆ వంగిన మనిషి నాయనే అని గుర్తుపట్టడానికి సుమకు ఒక క్షణం పట్టింది. నాయన, కదిరప్ప, ఒక చేత్తో తువ్వాల్లో చుట్టినదేదో గుండెకు అదుముకుని ఉన్నాడు, రెండో చెయ్యి కూతురి తల మీద పెట్టాడు, బుగ్గ మీద పెట్టాడు, మళ్ళీ తల మీద పెట్టాడు.

“ఎంతైపోతివే పాపా! మీయమ్మ చూస్తే దిష్టి తీస్తాది పో.” అప్పుడు పుష్పావతిని చూసి నమస్కారం పెట్టబోయాడు, ఒక చేత్తో. “ఎవురమ్మా నువ్వు?”

“అక్క నాయనా. నాకు తోడొచ్చింది.”

“సల్లగుండు తల్లీ.” బల్ల మీద కూలబడి, తువ్వాలు విప్పాడు. లోపల రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, పాలలా తెల్లగా, ఉబ్బి గట్టిగా ఉంది. మూత కొంచెం వదులు చేశాడు. బుస్సుమంది. “దారి పొడుగునా ఇట్లే ఇప్పుతా వస్తుండా, లేకుంటే పగిలిపోతాది. చెట్లెక్కేది మానేసినా మే, నీకోసరమని ఈ పొద్దు తెల్లారక ముందే ఎక్కినా. సున్నం ముంతదే, ఏం కాదు. కడుపుతో ఉండేటోళ్ళకు చలవ. నువ్వు కడుపులో ఉండంగ మీయమ్మ దినామూ తాగిండె. ఇంద.”

వాసన వచ్చేసింది. సీసా కంటే ముందు, నాయన మాట కంటే ముందు వచ్చేసింది. ఎండకు పులిసింది, తీపి వెనక్కి పోయి పులుపు ముందుకొచ్చింది, సున్నం ఏం ఆపుతుంది ఇంత దూరం, కానీ ఆ పులుపు కిందే ఉంది ఆ పొగ, ఆ మట్టి, ఆ మంచు, ఆ మడమలు. నోట్లో నీళ్ళు ఊరాయి. బస్సులు, అరుపులు, హొసకోటె అంతా ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయింది. ఒక్క గుక్క. నాయన చేతి నుంచి. చెట్లెక్కలేని మనిషి ఎక్కి తెచ్చింది, వద్దంటే ఆ ముఖం ఏమవుతుంది, ఒక్క గుక్క తాగి ఆపేస్తే, ఇది బ్రాందీ కాదు కదా, చలవ కదా, అమ్మ తాగింది కదా, నాకేమైంది, నాకేమీ కాలేదు కదా. నాకేమైంది. చెయ్యి తనంతట తానే లేచింది. పుష్పావతి ఆ చేతిని పట్టుకోలేదు. జరిగి వచ్చి, భుజానికి భుజం ఆనించి నిలబడింది, అంతే. ఆ భుజం వెచ్చగా ఉంది. ఆ భుజానికి అన్నీ తెలుసు.

“నాయనా,” అంది సుమ. “మూత పెట్టు.”

“పొంగుతాదని...”

“మూత పెట్టు నాయనా. నేను తాగకూడదు. ఒక గుక్క తాగితే మళ్ళా నిలబెట్టుకోలేను.”

కదిరప్ప నవ్వాడు. “కల్లుకేముందే పిచ్చిదానా.”

“కల్లు కాదు. బ్రాందీ. పొద్దున లేస్తూనే తాగేదాన్ని, ఏండ్లు తాగినా. బిడ్డ కడుపులో పడినంక కూడా తాగినా. ఆస్పత్రిలో పండబెట్టి మాన్పించినారు.” సుమ సీసా మీద నుంచి చూపు తిప్పి ఆయన ముఖంలోకి చూసింది. “మీకు చెప్పలా.”

ఆయన కూతురి వైపు, తరువాత పుష్పావతి వైపు చూశాడు, ఆమె అయినా ఇది పరాచికమని చెబుతుందేమోనని. లేవబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు, “ఇది కొంచెం పట్టుకో తల్లీ,” అని సీసా ఆమెకు అందించాడు. పుష్పావతి ఒక అడుగు వెనక్కి వేసింది.

“నా చేతికియ్యొద్దన్నా. నాదీ అదే జబ్బు.”

కదిరప్ప ఆ సీసా పట్టుకుని అలా ఉండిపోయాడు, జనం మధ్యలో, ఎవరికీ ఇవ్వలేక. కూతురి వైపు తిరిగి అడిగాడు. “చిన్నప్పుడు నేను పోస్తి కదా. దానివల్లనా?”

కాదు అనాలని సుమకు ఎంతో అనిపించింది. ఆ ఒక్క మాటతో ఆయన ముఖం తేటపడుతుంది. కానీ ఆ గదిలో గురువారాలు కూర్చుని కూర్చుని, తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమె మరిచిపోయింది.

“తెలీదు నాయనా. నాకు నీ మీద కోపం లేదు. ఆ పొద్దులు బాగుండె. అట్లాటివి నాకు మళ్ళా రాలా. అవి ఉండనీ. ఇది మాత్రం ఒద్దు.”

ఆయన తల ఊపాడో లేదో తెలియలేదు. లేచి, స్టాపు చివర కానుగ చెట్టు దగ్గరికి, కాలువ గట్టుకు నడిచాడు. అక్కడ నిలబడి సీసా వంక చూశాడు. జన్మలో కల్లు పారబోసిన మనిషి కాదు. ముంత దించగానే మొదటి చుక్కలు గంగమ్మకు సాక పోయడం ఒక్కటే ఎరుగును నేల మీద కల్లు పోయడమంటే. చెప్పులు విడిచాడు. పెదవులు కదిలాయి. గంగమ్మ తల్లీ అని ఆయన అన్నది ఇంత దూరానికి వినిపించలేదు కానీ సుమకు తెలుసు. సీసా వంచాడు, ధారగా, తొందరపడకుండా, చివరి చుక్క దాకా. నురుగు మట్టిలో ఇంకింది. వాసన గాలిలో ఇటువైపు తిరిగింది.

“పద సుమా,” పుష్పావతి చెయ్యి పట్టుకుంది. “వాసన పోయేదాకా ఆ పక్క నిలబడదాం రా.”

ఇద్దరూ స్టాపుకు అవతలి కొసకు, పూలమ్మే బండి దగ్గరికి నడిచారు. కాళ్ళు వణుకుతున్నాయక్కా, అంది సుమ. వణకనీ, అంది పుష్పావతి. మరువం, మల్లె, తడి గోనెపట్టా, ఆ వాసనలు పీలుస్తూ నిలబడ్డారు. ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియదు, కల్లు కోసమా, నాయన కోసమా, వాగు పక్కన నాయన ఇంకెప్పటికీ ఎక్కని ఆ చెట్ల కోసమా. పుష్పావతి ఏడవనిచ్చింది.

కదిరప్ప తిరిగొచ్చాడు, సీసా లేదు, తువ్వాలు భుజం మీద ఉంది. వాళ్ళ పక్కన నిలబడి కాసేపు రోడ్డు చూశాడు. తిరుగు బస్సు వచ్చింది. మదనపల్లె, మదనపల్లె, అని కండక్టరు పిలిచాడు. సంచులు అందుకోవడానికి సుమ వంగింది.

“ఉండు,” అన్నాడు కదిరప్ప. “మనింట్లో యాడ చూసినా ముంతలే కదా. నువ్వెట్ల ఉంటావు ఆడ?”

సుమ వంగిన నడుము ఎత్తి ఆయన్ని చూసింది.

“నీ ఆస్పత్రి ఈడ. ఈ తల్లి ఈడ.” ఆయన పుష్పావతి వైపు తల తిప్పాడు. “అమ్మా, మేమే వచ్చి నాలుగు దినాలుంటే, పాపోళ్ళ బాడిగింట్లో మాకు చోటుంటాదా?”

“చోటుకేం అన్నా. చాలకపోతే మా ఇల్లుండాది. మా శ్రీకాంతు కాఫీ పెడతాడు.”

కండక్టరు ఇంకోసారి పిలిచి, విజిలేశాడు. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడే కదిరప్ప జేబులో ఫోను మోగింది. అమ్మ. ఆయన దూరంగా జరగబోయాడు, చెవికి రెండు చేతులూ ఆనించి.

“ఆ... చూసినా, బాగుండాది పాప... లేదు, ఎక్కలా... డాక్టర్లు బస్సెక్కొద్దన్యారంట, ఈడనే కాన్పంట. నువ్వే రావాల... ఏం లేదులే, ఊరికే...” మాట్లాడుతూ కూతుర్ని చూశాడు, ఇంట్లో పరువు పోకుండా ఎట్లాగైనా కాపాడతానని ఒట్టేస్తున్నట్టు. ఆ చూపుకు సుమ గుండె కరిగింది. కానీ రేపు అమ్మ వస్తుంది. వచ్చి, బాలింతకు మంచిదని ఇంకేదో తెస్తుంది. మళ్ళీ ఒక సీసా. మళ్ళీ ఒక అబద్ధం. సుమ చెయ్యి చాచింది.

ఆయన వద్దన్నట్టు తలాడించాడు. ఆమె చెయ్యి దించలేదు. ఆఖరికి ఫోను ఇచ్చాడు, ఇచ్చి పూలబండి కొయ్యను పట్టుకున్నాడు.

“అమ్మా,” అంది సుమ. “నేను. డాక్టర్లు ఏమన్లేదు, నాయన ఊరికే చెప్తుండాడు. ఒక మాట చెప్పాల నీకు. నిలబడి ఉండావా, కూర్చోని ఉండావా?”

అవతల అమ్మ ఏదో కంగారుగా అంది.

“భయపడొద్దు. బిడ్డ బాగుండాది. కూర్చో మొదుట.”

అవతల నులకమంచం కిర్రుమంది. సుమ చెప్పడం మొదలుపెట్టింది.